ఉప్పు తగినంత అని రాయకూడదు

మా వంట రికార్డులో పదహారు, పదిహేడు పేజీలు తెరుచుకోవు. పంచదార పాకం పడి రెండూ అతుక్కుపోయాయి. మిగతా పేజీలు బాగానే ఉన్నాయి, నూనె మరకల్ని పట్టించుకోకపోతే. కొన్ని చోట్ల కాగితం ఎంత నూనె తాగిందంటే, వెనక పేజీలో రాత ఇటువైపు నుంచే చదివేయొచ్చు.

వంట రికార్డు అంటే నిజంగానే రికార్డు. కాలేజీలో ల్యాబ్ కోసం కొనిపిస్తారే, గట్టి అట్టతో, ఎడమపక్క తెల్ల కాగితం, కుడిపక్క గీతల కాగితం ఉండేది, అదే. అట్ట మీద పేరు దగ్గర నలుగురి సంతకాలు, తరగతి దగ్గర ‘ఆకలి’, సబ్జెక్టు దగ్గర ‘వంట, ప్రాక్టికల్’ అని ఉంటుంది. మొన్న పాత పుస్తకాల పెట్టె సర్దుతుంటే అడుగున దొరికింది. ఆ రోజుకి సర్దడం అక్కడితో సరి.

డిగ్రీ రెండో ఏడు మొదట్లో నలుగురం హాస్టల్ వదిలేసి బయట రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. హాస్టల్ తిండి బాగోలేదని కాదు. సోమవారం ఏం పెడతారో పోయిన సోమవారమే తెలిసిపోవడం భరించలేకపోయాం. పొడుగు, లెన్సు, కెమిస్ట్రీ, నేను. అసలు పేర్లు రాస్తే పిల్లల దగ్గర పరువు పోతుందని ముగ్గురూ ముందే బెదిరించారు కాబట్టి అప్పటి పేర్లే రాస్తున్నాను. పొడుగుకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. లెన్సు మా నలుగురిలో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే ఏకైక శ్రీమంతుడు. కెమిస్ట్రీ ఆ సబ్జెక్టుని మిగతా ప్రపంచం కంటే ఎక్కువ నమ్మేవాడు. నా పేరు ‘అంచనా’. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఉన్న సామాను రెండు బర్నర్ల స్టవ్వు, అందులో ఒకటి సగమే వెలిగేది. మా అమ్మ ఇచ్చిన కుక్కర్ ఒకటి, మందపాటి బాణలి ఒకటి, అడుగు పలచని గిన్నెలు మూడు. వంట వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఫోన్లో వీడియో చూసి నేర్చుకునే రోజులు కావవి. ఇంటికి ఫోన్ చేసి అమ్మ చెబుతుంటే కాగితం మీద గీకి తెచ్చుకోవడమే. అమ్మలు చెప్పే పద్ధతి మీకు తెలుసుగా! "నూనె కొంచెం వెయ్యి. ఉప్పు తగినంత. ఉడికేదాకా ఉడకనివ్వు." ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఒక్క ముక్క కూడా పనికిరాదు.

మొదటి రాత్రి కూరలో తగినంత ఉప్పు నేను వేశాను. నేను వెయ్యలేదనుకుని పొడుగు వేశాడు. ఇద్దరం మర్చిపోయి ఉంటామని లెన్సు వేశాడు. కెమిస్ట్రీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమలకుండా ఆగి, "తగినంత అంటే ఎవరికి తగినంత?" అని అడిగాడు. మర్నాడు సాయంత్రం ఈ రికార్డు పట్టుకొచ్చాడు.

మొదటి పేజీలో నియమాలున్నాయి. తగినంత, సరిపడా, కొద్దిగా, చిటికెడు అనే మాటలు రాయకూడదు. కుడిపక్క గీతల పేజీలో ఉద్దేశం, కావలసినవి, చేసే విధానం. ఎడమపక్క తెల్ల పేజీ మీద ఒకటే శీర్షిక: ‘ఏమైంది’. వండినవాడు తెల్ల పేజీ ముట్టుకోకూడదు, తిన్నవాళ్ళే రాయాలి. ఈ ఆఖరి నియమం ఎవరి బుర్రలో పుట్టిందో ఇప్పుడు గుర్తులేదు. ఎవరికి వారు తనదేనంటున్నారు. మొత్తం రికార్డులో మళ్ళీ మళ్ళీ చదవాలనిపించేది మాత్రం ఆ తెల్ల పేజీలే. వంటలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. "బొగ్గు వాసన. పొడుగు తిన్నాడు, మేం చూశాం" లాంటివి దొరకవు.

మొదటి ప్రయోగం కోడిగుడ్డు. ఉద్దేశం: గుడ్డు ఎంతసేపు ఉడకాలి? డజను గుడ్లు తెచ్చి, తెర్లుతున్న నీళ్ళలో అన్నీ ఒకేసారి దించి, అయిదో నిమిషం నుంచి నిమిషానికొకటి చొప్పున పదహారో నిమిషం దాకా తీశాం. తీసిన దాన్ని తీసినట్టు చన్నీళ్ళలో వెయ్యడం, మధ్యకి కోయడం, పళ్ళెంలో వరసగా పేర్చడం. తెల్ల పేజీ మీద లెన్సు పెన్సిల్‌తో గీసిన పన్నెండు సగం గుడ్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆరో నిమిషం దానిలో తెల్లసొన నిలబడింది, పచ్చసొన కారిపోతోంది. ఎనిమిదో దానిలో నడుమ జామ్‌లా ఉంది. పన్నెండుకి పొడిపొడిగా అయింది. పదిహేను, పదహారు బొమ్మల్లో పచ్చసొన చుట్టూ ఒక ఉంగరం గీసి ‘ఆకుపచ్చ’ అని బాణం గుర్తు పెట్టాడు.

అది చూసి పొడుగు గుడ్లు పాడైపోయాయని షాపువాడితో గొడవకి లేచాడు. కెమిస్ట్రీ ఆపాడు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుందట, అది పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే వచ్చే ఐరన్ సల్ఫైడే ఆ రంగట. తింటే ఏమీ కాదు. తెల్లసొన దాదాపు 60 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడితే, పచ్చసొన 65 నుంచి 70 మధ్య గట్టిపడుతుందని, మనం ఆడే ఆటంతా ఆ కాస్త తేడాలోనేనని చెప్పాడు. మేం వింటూ పన్నెండూ తినేశాం. ఆ రాత్రి గదిలో హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి ఇంకేమీ రాయను.

గుడ్ల పేజీలోనే పక్కన చిన్నగా ఇంకో ముక్క ఉంది. "తాజా గుడ్డు పెంకు రాదు. వారం ఆగు." అదీ నిజమే. పెట్టిన కొత్తలో తెల్లసొన పెంకు లోపలి పొరని గట్టిగా పట్టుకుని ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నటి రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, తెల్లసొనలో క్షారగుణం పెరిగి ఆ పట్టు సడలుతుంది. మా ఇంట్లో ఇప్పటికీ ఉడకబెట్టడానికి పాత గుడ్లు, అట్టు వెయ్యడానికి కొత్త గుడ్లు.

ఉల్లిపాయల దగ్గర మాకు లోకం మీద కోపం వచ్చింది. ఎక్కడ చదివినా "అయిదు నిమిషాలు బంగారు రంగు వచ్చేదాకా వేయించండి" అనే ఉండేది. అయిదు నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుంది, అంతే. సన్న మంట మీద నిజంగా ఎర్రబడి తీపెక్కాలంటే ముప్పావుగంట పట్టింది మాకు. వంటలు రాసేవాళ్ళందరూ కలిసి ఈ ఒక్క అబద్ధం ఎందుకు మొయ్యాలో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ ముప్పావుగంట తగ్గించడానికి కెమిస్ట్రీ చిన్న కిటుకు పట్టుకొచ్చాడు. చారెడు బేకింగ్ సోడా కాదు సుమా, స్పూనులో ఎనిమిదో వంతు. పంచదారలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి రంగూ వాసనా పుట్టించే చర్యని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించాడని, క్షారం ఉంటే అది వేగంగా నడుస్తుందని ఉపన్యాసం ఇచ్చాడు. నిజంగానే పావుగంటలో ఎర్రబడ్డాయి. గరిటె పెట్టి చూస్తే ముక్కల్లేవు, లేహ్యం ఉంది. తెల్ల పేజీ మీద లెన్సు రాత: "రంగు నూటికి నూరు. ఉల్లిపాయ నూటికి సున్నా."

అన్నట్టు, మయార్‌ని మా వాడు ఏడాది పొడుగునా ‘మెయిలార్డ్’ అనే పిలిచాడు. లెక్చరర్ సరిదిద్దాక రికార్డంతా వెతికి వెతికి ఎర్ర ఇంకుతో దిద్దాడు.

ఉల్లిపాయలు కోసే పని మొదటి నుంచీ లెన్సుదే. కోసినప్పుడు పుట్టే గంధకపు ఆవిరి కంట్లో తేమకి తగిలితేనే కదా నీళ్ళొచ్చేది. వాడి కళ్ళకి లెన్సులు అడ్డం. మేం ముగ్గురం ముక్కులు చీదుకుంటుంటే వాడు ఈల వేసుకుంటూ కోసేవాడు. ఆ ఈల ఒక ఆదివారం ఆగిపోయింది. మిరపకాయలు కోసి, చేతులు నీళ్ళతో కడుక్కుని, వెళ్ళి లెన్సులు తీసుకోబోయాడు. తర్వాత మా వీధి వీధంతా విన్నది ఈల కాదు. మిరపలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, అందుకే వట్టి నీళ్ళతో కడిగితే చేతిని వదలదు. ముందు కాస్త నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగాలని, నోరు మండితే నీళ్ళకంటే పాలు మేలని ఆ రోజు తెల్ల పేజీకెక్కింది. కారం కొలతకి స్కోవిల్ పెట్టిన పరీక్ష కూడా 1912 నాటిదేనట. "ఒకే ఏడాదిలో ఒకాయన నా ఉల్లిపాయల్ని, ఇంకొకాయన నా కళ్ళని కనిపెట్టారు" అన్నాడు లెన్సు, కన్ను తెరవకుండానే.

పైన ఓనరు ఆంటీ ఉండేవారు. మా గదుల్లోంచి పొగ వస్తే మెట్ల మీద నిలబడి, "ఏం వండుతున్నారు బాబూ?" అని అడిగేవారు. ‘ఏం తగలబెడుతున్నారు’ అని ఏనాడూ అనలేదు, అది ఆవిడ మర్యాద. మాకు ఫ్రిజ్ లేదని తన ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి ఇచ్చారు. అద్దెకి బదులుగా, అంటే ఆ అరకి అద్దెగా, ఏం చేసినా ఒక గిన్నె పైకి వెళ్ళేది. ఆవిడని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చేశాం. రికార్డు పంపితే చదివి, తిని, కింద మార్కులు వేసి సంతకం పెట్టేవారు. పదికి ఆరు కంటే తక్కువ ఎవరికీ వెయ్యలేదు. ఆరు వేసిన చోట మాత్రం పక్కన రాసేవారు: "బాగుంది బాబూ. మళ్ళీ చెయ్యకండి."

నిన్నటి అన్నం పాఠం కూడా ఆవిడదే. అన్నం వేయించడానికి వేడి వేడిది వేస్తే ముద్దయిపోతోందని మొత్తుకుంటుంటే, రాత్రే వండి తన ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. చల్లబడితే పిండిపదార్థం బిగుసుకుని, పైతేమ ఆరి, మెతుకు మెతుకు విడిపోతుంది. రాత్రంతా బయట వదిలేసిన అన్నం మాత్రం వద్దే వద్దన్నారు. ఎందుకో ఆవిడ చెప్పలేదు, "వద్దంటే వద్దు" అన్నారు. కారణం కెమిస్ట్రీ పుస్తకంలో వెతికి పట్టుకున్నాడు. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా, పేరు బాసిల్లస్ సీరియస్, తన బీజాల్ని ఉడికించినా చావనివ్వదు. గది వేడిలో వదిలేస్తే అవి మొలకెత్తి విషం వదులుతాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషంలో కొంత పోదు. పేరులోనే సీరియస్ ఉందని పొడుగు ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు.

పొడుగు పుట్టినరోజుకి అనాస జెల్లీ చెయ్యాలనుకున్నాం. సాహసాల్లో మొదటి పెద్దది అదే. జెలటిన్ పొడి వేడి నీళ్ళలో కలిపి, తాజా అనాస ముక్కలు తరిగి వేసి, ఆంటీ ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టాం. పొద్దున చూస్తే రసంలా ఉంది. ఇంకో నాలుగు గంటలు పెట్టాం. అదే రసం. జెలటిన్ నకిలీదని పొడుగు మళ్ళీ షాపువాడి మీదికి లేచాడు, వాడికి ప్రతిదానికీ షాపువాడే దొరికేవాడు. సాయంత్రం కేకు లేక, జెల్లీ లేక, గ్లాసుల్లో పోసుకుని ఆ రసమే తాగాం. పుట్టినరోజు పాట మాత్రం పాడాం.

మూడు రోజులు కెమిస్ట్రీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు ఇంకో అనాసకాయతో వచ్చి, ముక్కల్ని బాగా ఉడకబెట్టి, అదే పొడితో మళ్ళీ చేశాడు. గిన్నె బోర్లిస్తే జెల్లీ వణుకుతూ నిలబడింది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది, అది ప్రొటీన్లని ముక్కలు చేస్తుంది, జెలటిన్ ప్రొటీనే. ఉడికిస్తే ఎంజైము పని పోతుంది. డబ్బాలో వచ్చే అనాసని ముందే వేడిచేస్తారు కాబట్టి దానితో ఈ గొడవ ఉండదు. పచ్చి అనాస ఎక్కువ తింటే నాలుక మండేదీ చాలామట్టుకు దానివల్లే. "నువ్వు దాన్ని తింటుంటే అది నిన్ను తింటోందిరా" అని తెల్ల పేజీ మీద ఎవరో రాశారు. ఆంటీ తొమ్మిది వేశారు.

అన్ని సాహసాలూ అలా నవ్వుకునేవి కావు. ఇరవై రెండో పేజీ చూస్తే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది. తెర్లే నీళ్ళూ బియ్యమూ ఫ్లాస్కులో పోసి మూత బిగిస్తే గ్యాసు లేకుండా అన్నమవుతుందని లెన్సు ఎక్కడో చదివొచ్చాడు. చేశాం, అయింది, ఫర్వాలేదు కూడా. ఆ ఊపులో నేను ఎర్ర రాజ్మా గింజలు అలాగే వేసి రాత్రి మూత పెట్టేశాను. పొద్దున తీస్తే పైకి మెత్తబడినట్టే ఉన్నాయి, కొరికితే నడుమ కాస్త గట్టి. "అంచనాగా ఉడికాయిలే" అన్నాను. నా పేరు ఆ రోజు నుంచే.

నేనూ పొడుగూ తిన్నాం. రెండు గంటలు తిరక్కుండా ఇద్దరం బాత్రూం గుమ్మం దగ్గర వంతులు వేసుకున్నాం. సాయంత్రానికి తగ్గింది కానీ, ఆ మధ్యాహ్నం ఎంత భయపడ్డామో తెల్ల పేజీ చూస్తే తెలుస్తుంది. కెమిస్ట్రీ ఒక్క జోకు కూడా రాయలేదు. ఎర్ర రాజ్మాలో ఫైటోహెమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం విషపు ప్రొటీన్, ఉంటుంది, సరిగ్గా ఉడకనివి నాలుగైదు గింజలు చాలు మనిషిని పడగొట్టడానికి. ఫ్లాస్కులో లాగా తెర్లని వేడిలో నానితే అది పోదు, ఇంకా ముదరొచ్చు కూడా. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు గట్టిగా తెర్లించాలి. మెత్తగా ఉడకడం ఆ తర్వాతి సంగతి. ఇదంతా పెద్దక్షరాలతో రాసి చుట్టూ గడి కట్టాడు. దాని కింద ఆంటీ మార్కులు లేవు. "ముందు నన్ను అడగాలి కదా బాబూ" అని మాత్రం ఉంది.

ఈ సంగతి బయటికి పొక్కాకే మా రికార్డుకి గిరాకీ పెరిగింది. ఏం తినాలో కాదు, ఏం చెయ్యకూడదో తెలుసుకోవడానికి జూనియర్లు వచ్చేవారు. "అన్నా, ఆ గుడ్ల పేజీ ఒకసారి ఇవ్వవా?" అని అడిగి జిరాక్సు తీయించుకునేవారు. డబ్బులు లేనివాళ్ళు కూర్చుని చేత్తో ఎక్కించుకునేవారు. ఎక్కించుకున్న దాని నుంచి ఇంకొకడు ఎక్కించుకునేవాడు. మా వంటలు మా కంటే వేగంగా కాలేజీ అంతా తిరిగేవి, పోను పోను మాకే గుర్తుపట్టరానంతగా మారిపోయేవి. మేం రాసిన ఒక గ్లాసు మా స్టీలు గ్లాసు, వాళ్ళ గదిలో గ్లాసు దానికి ఒకటిన్నర ఉండేది. అప్పటి నుంచి మిల్లీలీటర్లలో రాయడం మొదలుపెట్టాం.

అందులో కుక్కర్ కేకు కథ ఒకటి చెప్పాలి. ఓవెన్ లేదు కాబట్టి కుక్కర్ అడుగున ఉప్పు పోసి, మూతకి విజిలూ రబ్బరూ తీసేసి, లోపల గిన్నె పెట్టి సన్న మంట మీద కేకు చేసేవాళ్ళం. నీళ్ళు లేకుండా వేడెక్కీ వేడెక్కీ అమ్మ ఇచ్చిన కుక్కర్ అడుగు నల్లగా మారిపోయింది, అది వేరే గొడవ. మా కేకులో పెరుగు పులుపు ఉండేది కాబట్టి పొంగడానికి బేకింగ్ సోడా సరిపోయేది. రికార్డులో ‘సోడా: అర టీ.స్పూ.’ అని నా చేతిరాత. ఒక జూనియర్ దాన్ని ‘అర టే.స్పూ.’ అని ఎక్కించుకున్నాడు.

టీకీ టేకీ తేడా ఎంత చెప్పండి? ‘ట’ నెత్తిమీద ఉన్నది గుడిదీర్ఘమా, ఏత్వమా అన్నదే. పైగా సరిగ్గా ఆ గుడి మీద నూనె చుక్క పడింది. టీ స్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15. రెండున్నర పడాల్సిన చోట ఏడున్నర పడింది. పెరుగులోని పులుపు కొంత సోడానే పట్టగలదు, మిగిలింది అలాగే ఉండిపోతుంది. ఉల్లిపాయల విషయం గుర్తుందిగా, క్షారం ఎక్కువైతే రంగు ముదురుతుంది. ఆ కేకు ఇటుక రంగులో వచ్చింది, తింటే సబ్బు. పాపం వాడు దాన్ని ఒక అమ్మాయి పుట్టినరోజుకి పట్టుకెళ్ళాడు. తర్వాత మా గదికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అన్నా, మీ గుడి నా కొంప ముంచింది" అన్నాడు. ఆ రోజు నుంచి రికార్డులో చిన్న చెంచా, పెద్ద చెంచా అని పూర్తిగా రాశాం. ఆ అమ్మాయి ఆ కేకు ముక్క ఒకటి పూర్తిగా తినేసిందట. మేం నలుగురం చాలాకాలం దాని గురించే మాట్లాడుకున్నాం.

ఇక అతుక్కుపోయిన పేజీలు.

ఆఖరి ఏడు పరీక్షలయ్యాక ఇంకో రెండు రోజుల్లో గదులు ఖాళీ చెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ చెయ్యనిది చేద్దామని నేను కారమెల్ పుడ్డింగ్‌కి దిగాను. రికార్డులో ముందెప్పుడో రాయకుండా దాటేసిన రెండు పేజీలు తెల్లగా మిగిలుంటే అందులోనే రాశాను. పంచదార కరిగిస్తున్నాను. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. పంచదార అలా ఆగదు, నీరంతా ఇగిరాక వేడి ఎక్కుతూనే ఉంటుంది, 160 దాటాక రంగు తిరుగుతుంది. అక్కడ దాకా గరిటె పెట్టకూడదు, కలిపితే మళ్ళీ పలుకులు కడుతుంది. నాలుగు చుక్కలు నిమ్మరసం వేస్తే పంచదార కొంత విడిపోయి పలుకు కట్టదు. ఇదంతా చదువుకునే వచ్చాను. తేనె రంగు, తర్వాత రాగి రంగు. వాసన ఎంత బావుందంటే మిగతా ముగ్గురూ సర్దుకోవడం ఆపేసి వచ్చి నిలబడ్డారు.

సగం పాకం సాస్‌లా చేద్దామని అందులో పాలు పోశాను. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తెచ్చిన పాలు, అంచనాగా, ఒక్కసారే. పాలలోని నీరు ఆ వేడికి తగలగానే ఆవిరై పైకి లేచింది. గిన్నె బుస్సుమని పొంగి, పాకం చిమ్మి, కొంత పక్కనే తెరిచి ఉన్న రికార్డు మీద, కొంత నా ఎడమ చేతి మీద పడింది. వేడి నీళ్ళు పడితే జారిపోతాయి. పాకం జారదు, అంటుకుని కూర్చుంటుంది.

పొడుగు టూత్‌పేస్టు తెచ్చాడు. ఇంకొకరు ఐసు అన్నారు. రెండూ వద్దని తోసేసి లెన్సు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టాడు. వాడు స్కౌట్స్‌లో నేర్చుకున్నది అది, 20 నిమిషాలు పారే చన్నీళ్ళు, ఇంకేమీ వద్దు. నేను లాక్కుందామని చూస్తే మణికట్టు వదల్లేదు. వాడి చొక్కా మోచేతి దాకా తడిసిపోయింది. ఆంటీ మెట్ల మీంచి, "ఏమైంది బాబూ?" అని అడుగుతున్నారు. కెమిస్ట్రీ నా వెనక ఎక్కడో నిలబడి ఏదో రాస్తున్నాడని తెలుసు, పెన్ను చప్పుడు వినబడింది. తర్వాత ఎవరో రికార్డు మూసేశారు. పాకం ఆరిపోయింది. రెండు రోజులకి గదులు ఖాళీ చేశాం. రికార్డు నా పెట్టెలోకి ఎలా వచ్చిందో కూడా తెలీదు.

మొన్న ఫొటో తీసి మా నలుగురి గ్రూపులో పెడితే కెమిస్ట్రీ వెంటనే ఫోన్ చేశాడు. "పంచదారేగా, నీళ్ళకి కరుగుతుంది. ఆవిరి పట్టరా. బాల్‌పెన్ను రాత, చెరిగిపోదు." కెటిల్ పెట్టి, దాని ముక్కు దగ్గర రికార్డు అంచు పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకి అంచు మెత్తబడింది. కత్తి మొద్దు వైపు దూర్చి కాస్త కాస్తగా విడదీశాను. కాలిన పంచదార వాసన ఇంకా ఉంది, లేదా ఉందనిపించింది. కుడిపక్క నా వంట, ‘పాలు: 100 మి.లీ., వేడిగా’ అని నేనే రాసుకున్నాను, వేడిగా అన్న మాట కింద గీత కూడా ఉంది. ఎడమపక్క తెల్ల పేజీ నేను అప్పుడు చూడనిది, వండినవాణ్ణి కాబట్టి.

ఏమైంది:
0 నిమిషాలు. అరుస్తున్నాడు.
4. తిడుతున్నాడు. మమ్మల్ని కాదు, పాలని.
9. లెన్సు చెయ్యి వదలట్లేదు.
13. పుడ్డింగ్ సంగతేమిటని అడిగాడు.
20. చాలు. బొబ్బ చిన్నదే. ఆంటీ చూశారు. పాకం మళ్ళీ పెడుతున్నాం, ఈసారి పాలు వేడిచేశాం.

దాని కింద ఒక వాక్యం కొట్టేసి, పక్కన కెమిస్ట్రీ చేతిరాతతోనే మళ్ళీ రాసి ఉంది:

నొప్పి: తగినంత.